కాలి కింద పద్దెనిమిది వేల బండ్లు

సుగతి కార్లు కొన్నవాళ్ళ కష్టసుఖాలు వినడం వకుళ ఉద్యోగం. సుఖాలు చెప్పడానికి ఎవరూ ఫోను చెయ్యరు కాబట్టి కష్టాలే వినేది. సద్గతికి ఒక్క అక్షరం దూరంలో ఉన్న ఆ పేరు కారుకు ఎవరు పెట్టారని మొదటిరోజే భర్తను అడిగింది. "మంచి నడక అని అర్థం వకుళా," అన్నాడు త్రినాథ్. అతను ఆ కంపెనీ ప్రయోగశాలలో ఇంజనీరు. నిఘంటువు చూసి పేర్లు పెట్టేవాళ్ళు పేపర్లో సంతాప ప్రకటనలు చదవరు కాబోలనుకుని ఆమె ఊరుకుంది.

విజయనగరంలో వాళ్ళింటి భోజనాల బల్లే ఆఫీసు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, దాని పక్కన గోరుచిక్కుళ్ళు. ఫ్రిజ్ మీద కంపెనీవాళ్ళు బిగించి వెళ్ళిన తెల్లపెట్టె ఒకటి ఎప్పుడూ ఆకుపచ్చగా వెలుగుతుండేది. అది తన ఫోన్ల కోసమేనని ఆమె నమ్మకం. ఫిర్యాదు రాయడానికి తెరమీద నాలుగు గళ్ళు: శబ్దం, బ్యాటరీ, ఏసీ, ఇతరములు. ఆ నెలలో మొదటి మూడు గళ్ళూ ఎండిపోయాయి. అన్నీ ఇతరములే.

"బ్రేకు తొక్కితే కారు ఆలోచిస్తోందండీ," అన్నాడు ఏలూరు నుంచి ఒకాయన.

"ఎంతసేపు ఆలోచించిందండీ?"

"నాలుగు సెకన్లు. ఈలోగా గేదెకు తగిలించేశాం. గేదె బాగానే ఉంది. దాని యజమాని మాత్రం ఇంకా తేరుకోలేదు."

భీమవరం లెక్చరరు గారి కథ మరీ విడ్డూరం. గీత గీసినట్టుండే తిన్నని రోడ్డు మీద, మధ్యాహ్నం రెండు దాటాక, కారు తనంతట తాను మలుపులకు తగ్గినట్టు తగ్గడం, లేచినట్టు లేవడం. లెక్కల మనిషి కాబట్టి లెక్కపెట్టారు. పద్నాలుగుసార్లు. ఆ తర్వాత చేలమధ్య ఏమీ లేనిచోట పూర్తిగా ఆగి, అరనిమిషం నిలబడి, మళ్ళీ బయల్దేరిందట. "ఎవరికో దణ్ణం పెట్టుకున్నట్టుందమ్మా," అని ఆయన నవ్వబోయి మానేశారు.

ఆ మర్నాడు పదకొండింటికి తుని నుంచి కొబ్బరికాయల వర్తకుడు ఫోను చేశాడు. కార్లోంచే.

"ఇదుగో, ఇప్పుడే మొదలైందండీ! అరవై… డెబ్బై… అరవై… డెబ్బై. మా బావమరిది పెడల్ మీంచి కాలు తీసేశాడు కూడా. అయినా అదే వరస. వెనక సీట్లో మా అత్తగారు నిద్రపోయింది. పదిహేనేళ్ళనుంచి నిద్రపట్టడం లేదని నా ప్రాణం తీస్తున్న మనిషండీ! మా వాడిక్కూడా కళ్ళు మూతలు పడుతున్నాయి."

"గట్టిగా మాట్లాడుతూ ఉండండి," అంది వకుళ. అంతలో ఆమె చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆమె వెనక హాల్లో ఉయ్యాల కొక్కెం కిర్రుమంటోంది. నేతచీర ఉయ్యాలలో ఏడునెలల లోహిత. దాని ముందు చెక్క కుర్చీలో మామగారు పైడినాయుడు, ఉయ్యాల తాడు కుడికాలి బొటనవేలికి చుట్టుకుని, పాదం నొక్కుతూ వదుల్తూ కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు.

కిర్రు. "అరవై," అన్నాడు వర్తకుడు. కిర్రు. "డెబ్బై."

వకుళ మెడవెనక ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది.

"మావయ్యా, కాలు ఒక్కసారి ఆపండి."

కొక్కెం ఆగింది.

"ఆగిందండీ!" అన్నాడు వర్తకుడు. "ఏం మాయ చేశారు?"

"మావయ్యా, మళ్ళీ ఊపండి."

"ఏటమ్మా, పిల్లకా నాకా ఆట?" అంటూ ఆయన పాదం నొక్కాడు.

"అయ్యబాబోయ్, మళ్ళీ మొదలెట్టిందండీ," అంది తుని గొంతు.

వకుళ ఫిర్యాదు గడిలో ఏమీ రాయలేదు. లేచి వెళ్ళి మామగారి బొటనవేలినుంచి తాడు విప్పి తన చేతికి చుట్టుకుంది. ఆయన కోడలి మొహంలోకి చూసి ఏమీ అడగలేదు. ఆర్టీసీలో ముప్ఫైయొక్క ఏళ్ళు ఘాటురోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. దారిలో ఎవరైనా చెయ్యెత్తి ఆపితే కారణం ఉంటుందని ఆయనకు తెలుసు.

"మావయ్యా, మధ్యాహ్నం కునుకు తీస్తారుగా. కలలేమైనా వస్తాయా?"

"కలలేటి తల్లీ, డ్యూటీయే. పాడేరు ఘాటెక్కడం. పద్నాలుగు మెలికలు తిరిగినాక మోదకొండమ్మ పాదాల కాడ బండి ఆపి దణ్ణమెట్టుకుంటాను. కలలో అయినా అమ్మోరికాడ ఆపకుండా పోతే ఎలాగ?"

*

సాయంత్రం త్రినాథ్ వచ్చి, కాఫీ గ్లాసు అందుకుని, భార్య చెప్పింది విని, గ్లాసు కింద పెట్టాడు. ఫ్రిజ్ మీది ఆకుపచ్చ వెలుగుకేసి చూశాడు.

"అది నీ ఫోన్ల కోసం కాదు వకుళా," అన్నాడు.

రెండేళ్ళ కిందట సుగతి కార్లకు ఒకటే జబ్బు: కుదుపు. ఆ కార్లో పెడల్ తొక్కడమంటే తొక్కడం కాదు, మనవి చేసుకోవడం. యాక్సిలరేటరైనా బ్రేకైనా మన కాలు చెప్పింది విని, ఎంత కదలాలో ఎంత ఆగాలో మోటారు పక్కనుండే పెట్టె నిర్ణయిస్తుంది. ఆ పెట్టెకు ఇంజనీర్లు తమ అంకెలన్నీ నేర్పారు. అది అంకెల్లాగే నడిచింది, గతుకులు గతుకులుగా. అప్పుడు త్రినాథ్‌కు తండ్రి గుర్తొచ్చాడు. ఆసుపత్రి నుంచి పచ్చిబాలింతలు పైడినాయుడి డ్యూటీ ఎప్పుడో కనుక్కుని బస్సెక్కేవారు. ఆయన బస్సు ఆగిందని తెలియాలంటే కిటికీలోంచి చూడాల్సిందే. ముప్ఫైయొక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా సడన్ బ్రేకు వెయ్యలేదని ఆయన గొప్ప.

ఆయన కుడి చీలమండలో, నరం పక్కన, బియ్యపుగింజంత యంత్రం పెట్టారు. మూడు నెలలు ఆనందపురం దగ్గరి ప్రయోగశాలలో బండి నడిపించారు. కాలు ఏం చెయ్యబోతోందో నరం పాదానికి చెప్పే లోపలే గింజ విని పెట్టెకు చెప్పేది. పెట్టె నేర్చుకుంది. కుదుపు పోయింది. కార్లు అమ్ముడుపోయాయి.

"నేర్చుకున్నాక లైను ఆపెయ్యాలిగా?" అంది వకుళ.

"ఆపెయ్యాలి."

"మరి?"

త్రినాథ్ హాల్లోకి చూశాడు. తండ్రి మనవరాలి బుగ్గమీద దోమను తోలుతున్నాడు.

"రిటైరయ్యాక నాన్న ఎలా ఉండేవాడో నువ్వు చూశావుగా. గోడకేసి చూస్తూ కూచునేవాడు. ఆ మూడు నెలలూ మళ్ళీ తెల్లారగట్ల లేచి, గెడ్డం గీసుకుని, 'నా డ్యూటీ ఉందా' అని అడిగేవాడు. ఆఖరిరోజు 'అయిపోయింది నాన్నా' అనడానికి నోరు రాలేదు. 'ఇంటినుంచే డ్యూటీ, ఆ లైటు వెలుగుతున్నంతసేపూ నువ్వు డ్యూటీలో ఉన్నట్టే' అని ఫ్రిజ్ మీద ఆ తెల్లపెట్టె పెట్టించాను. ఊరికే వెలుగుతుందనుకున్నాను."

ఊరికే వెలగలేదు. అమ్మిన ప్రతి కారులోనూ ఆ లైను అలాగే వెళ్ళిపోయింది. మొదట్లో అనుమానం వచ్చినప్పుడు మాత్రమే ఎంత నొక్కను అని కార్లు ఆ పాదాన్ని అడిగేవి. తర్వాత్తర్వాత ప్రతిదానికీ అడగడం మొదలెట్టాయి. అడగ్గానే చెప్పే మనిషి ఇంట్లో ఉండగా తువ్వాలెక్కడుందో సొంతంగా వెతుక్కునే మగవాణ్ణి వకుళ ఇంతవరకూ చూడలేదు. కార్లు కూడా అంతే అనుకుంది. నవ్వు మాత్రం రాలేదు.

"ఫ్రిజ్ మీది పెట్టె ప్లగ్గు పీకేస్తే?"

"వద్దు!" అని త్రినాథ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "సిగ్నల్ పోయినచోట కుదుపు రాకూడదని ఒక ఏర్పాటు చేశాం. జవాబు రాకపోతే, వచ్చేదాకా ఉన్న వేగంలోనే పోతుంది. బ్రేకు తొక్కినా సరే."

గేదె దగ్గర నాలుగు సెకన్లు. వకుళ లెక్క వేసుకుంది. ప్లగ్గు పీకితే ఎన్ని సెకన్లో లెక్క వెయ్యలేదు.

పైడినాయుడు హాల్లోంచే అన్నాడు. "నాకేటి తెల్దా? రెణ్ణెల్లనుంచీ కాలు బరువుగా ఉంటంది. బస్సు నిండా జనం ఉన్నట్టు. ఎవులో బ్రేకు తొక్కమంటారు, ఎవులో పోనీమంటారు. ముసలితనం గావాల అనుకున్నాను."

*

త్రినాథ్ ఫోను చెయ్యగా, మర్నాడు ప్రయోగశాల అధిపతి డాక్టర్ ఇందుమౌళి స్వయంగా కారు పంపింది, అందులో వెలిగే తెల్లపెట్టె ఇంకొకటి పెట్టించి. సుగతి కారు కాదు. అది వకుళ గమనించింది.

ప్రయోగశాలలో ఒక గోడ నిండా చీకటి తెర. దానిమీద పద్దెనిమిది వేల నాలుగువందల చుక్కలు. ఆగిన బండ్లు తెల్లగా, కదిలేవి పసుపుపచ్చగా. ఇందుమౌళి మంచినీళ్ళడిగినంత మెల్లగా మాట్లాడే మనిషి. "నాయుడు గారూ, బొటనవేలు కొంచెం పైకెత్తండి," అంది.

ఆయన ఎత్తాడు. శ్రీకాకుళం నుంచి తడ దాకా పసుపు చుక్కలన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు మందగించాయి. దించాడు. మళ్ళీ కదిలాయి.



కార్లలో పెట్టడానికి కొత్త పెట్టె తయారుకావడానికి ఆరునెలలు పడుతుందని ఇందుమౌళి చెప్పింది. అంతవరకూ పెద్దాయన ఇక్కడే ఉండాలి. మెత్తని కుర్చీ, డాక్టరు, ఏసీ. నడవకూడదు. కలలొచ్చేంత నిద్ర పోకూడదు. గంటకోసారి ఎవరో లేపుతారు. ఉయ్యాల సంగతి ఎత్తనే వద్దు.

"బండ్లన్నీ ఓ గంట పక్కన ఆపుకొమ్మని ఓనర్లకు చెప్పి, లైను తీసెయ్యొచ్చుగా మేడమ్?" అంది వకుళ.

"లైను తీసేస్తే ఆ బండ్లు మళ్ళీ కదలవు. పైవాళ్ళు ఒప్పుకోరు." ఇందుమౌళి త్రినాథ్ వైపు తిరిగింది. "ఇంకొకటి. ఆ నరం ఇప్పుడు ఎక్కువగా బండ్ల మాటే మోస్తోంది. మీ నాన్నగారి మాట తక్కువ. లైను ఆపితే పాదం మళ్ళీ లేవకపోవచ్చు."

"లైను ఆపకపోతే?" అని అడిగింది వకుళ. "ఈయనకి డెబ్బై రెండేళ్ళు. రేపు ఈ కుర్చీలో ఏమైనా అయితే?"

దానికి జవాబు రాలేదు. జవాబు రాకపోతే ఏమవుతుందో అప్పటికి అందరికీ తెలుసు.

*

మూడోరోజు పొద్దున్న వకుళ క్యారేజీ కట్టుకుని, లోహితను చంకనేసుకుని, భుజానికి లాప్‌టాప్ సంచీతో బస్సులో ఆనందపురం వెళ్ళింది. ఆ మూడు రోజులూ ఫిర్యాదులు ఆగలేదు, రకం మారిందంతే. కారు వణుకుతోందని కొందరు. కారు నీరసంగా ఉందని ఒక పెద్దావిడ, "మా బండికి జ్వరం తగిలినట్టుందమ్మా," అని.

పైడినాయుడికి నిజంగానే జ్వరం. మూడురోజుల్లో మొహం పీక్కుపోయింది. కుడికాలి కింద మెత్తని దిండు, మడమ చుట్టూ తీగలు. గంటగంటకూ లేపే మనిషి పక్కనే స్టూలు మీద కూచుని తాను మాత్రం హాయిగా కునుకుతున్నాడు.

"ఏం తిన్నారు మావయ్యా?"

"ఏదో ఎట్టారు. ఉప్పులేదు, కారంలేదు, పేరు కూడా లేదు."

ఆమె పప్పుచారన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది. ఆయన తింటూ మాటిమాటికీ ఆగి, పాదం ఒకింత కదిపి, ఎవరికో దారిచ్చి, మళ్ళీ తినసాగాడు. అన్నం తినే మనిషికి పద్దెనిమిది వేలమంది అడ్డుపడడం ఆమె ఇంతవరకూ ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

ఇందుమౌళి లోపలికొచ్చి నాడి చూసి, తీగలు చూసి, ఏదో రాసుకుంది. వెళ్ళబోతూ వకుళ చంకలోని పిల్లను చూసి ఆగింది. లోహిత కుడిపాదం వేళ్ళతో పట్టుకుని, మడమ నుంచి బొటనవేలి దాకా మెల్లగా నిమిరింది. పిల్ల వేళ్ళు ముడిచింది.

"ఎంత మెత్తగా నొక్కుతోందో," అంది ఇందుమౌళి. "త్రినాథ్ పాదం నిన్న కొలిచాం, లాభం లేదు. ఒక తరం దాటి వస్తుందేమో ఈ గుణం. ఇంత చిన్నప్పుడైతే నరం గింజను పట్టుకోవడం కూడా తేలిక."

ఏదో కాకరగింజలు నాటే సంగతి చెప్పినట్టే చెప్పి, ముంబై నుంచి ఫోనొచ్చిందని పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

వకుళ పిల్ల పాదాన్ని తన కొంగులో చుట్టింది. పైడినాయుడు నములుతున్న ముద్ద నమలడం మానేశాడు.

"త్రినాథూ," అన్నాడు. మూల కంప్యూటరు ముందున్న కొడుకు తలెత్తాడు. "ఈ బళ్ళన్నీ నాను ఆపితే ఆగుతాయా?"

"ఆగుతాయి నాన్నా. కానీ స్టీరింగు వాళ్ళ చేతుల్లో ఉంటుంది. చెప్పకుండా ఆపితే నడిరోడ్డు మీద ఆగిపోతాయి."

"చెప్పి ఆపుదాం," అంది వకుళ.

ఆమెకు ఒక అధికారం ఉంది. ఉగాదికి, దీపావళికి సుగతి యజమానులందరికీ కార్లోనే వినబడేలా శుభాకాంక్షలు పంపడం. ఆ మీట ఆమె లాప్‌టాప్‌లో ఉంది. ఏ పండగా కాని రోజు అది నొక్కకూడదని ఎవరూ చెప్పలేదు. అడక్కుండా ఉండడమే మంచిదని ఆమెకు అప్పుడు తోచింది.

"కాలు పోతుంది నాన్నా," అన్నాడు త్రినాథ్.

"నాకాడ ఇంకోటుందిరా," అన్నాడాయన మనవరాలికేసి చూసి, "ఆ గుంటకున్నవి రెండే. రెండూ దానికే ఉండనీ."

వకుళ టైపు చేసింది. 'పది నిమిషాల్లో మీ బండి మెల్లగా తనంతట తాను ఆగుతుంది. భయపడకండి. స్టీరింగు వదలకండి. ఎడమవైపు అంచుకు తీసి ఆపుకోండి.' మీట నొక్కబోతుండగా, ఆకలో, ఏసీ చలో, లోహిత గుక్కపట్టి ఏడుపందుకుంది. వకుళ భుజాన వేసుకుని తట్టింది. ఆగదు. పక్క గదిలోంచి ఇందుమౌళి బయటికొస్తుందేమోనని ఆ తలుపుకేసే చూస్తూ తట్టింది. రెండు నిమిషాలు, నాలుగు, ఆరు. చివరికి పిల్ల వెక్కిళ్ళు తగ్గి భుజం మీద తల వాల్చాక, వకుళ హమ్మయ్య అనుకుని అటు తిరిగింది.

దిండు మీద పాదం నొక్కుతోంది, వదులుతోంది. నొక్కుతోంది, వదులుతోంది. పైడినాయుడు పిల్లకేసే చూస్తున్నాడు. తన కాలు ఏం చేస్తోందో ఆయనకు తెలియదు.

"మావయ్యా! కాలు!"

ఆయన ఉలిక్కిపడి ఆపాడు. "ఒలమ్మా… ఎంతసేపయిందే?"

ఎవరికీ తెలియదు. వకుళ మీట నొక్కింది. రాష్ట్రంలో ఉన్న సుగతి కార్లన్నిటిలోనూ ఒక ఆడగొంతు ఆమె మాటలు చదివింది. ఆ గొంతును కంపెనీ ఏరికోరి ఎంచింది, తేనెలో నానబెట్టి తీసినట్టుంటుంది. మేలుకున్నవాళ్ళకు చక్కగా వినిపిస్తుంది.

*

పన్నెండుంబావు. గోడమీద కదిలే బండ్లు ఐదువేల రెండువందల చిల్లర.

పైడినాయుడు వీపు నిటారుగా పెట్టుకుని కూచున్నాడు. జ్వరం మొహంలోంచి ఎక్కడికో పోయింది. మడమ దిండుకు ఆనించి, పాదం ఎత్తాడు. ఎంత ఎత్తాడో పక్కనున్న వకుళకే కనబడలేదు. చుక్కలు మందగించసాగాయి. నాలుగువేలు. "ఎడంకి తియ్యండి తల్లీ, ఎడంకి. లారీవోడిని పోనీండి ముందు." రెండువేలు. ఎదురుగా బస్‌స్టాండు ఉన్నట్టు, ప్లాట్‌ఫారం మీద పిల్లలూ మూటలూ ఉన్నట్టు ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చూస్తున్నాడు. మూడువందలు. అరవై. పసుపు చుక్కలు ఒక్కొక్కటే తెల్లబడిపోతుంటే, వేల ఇళ్ళల్లో వరసగా దీపాలు మార్చినట్టుంది. ఎక్కడా ఒక్క హారన్ వినబడదు. వినబడే అవకాశం లేదని తెలిసినా వకుళ చెవులు రిక్కించింది.

ఏడు. మూడు. ఒకటి.

ఒకటి దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి?" అన్నాడు త్రినాథ్. తెర పెద్దది చేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి వస్తున్న హైవే. అరవైలో పోతోంది. "నాన్నా, ఇది తగ్గలేదు."

"తగ్గించలేదురా. అది అడిగినా జవాబియ్యలేదు." ఆయన గొంతు మారింది. "ఇది నడిమి వరసలో ఉంది. పక్కకి రావడం లేదు. స్టీరింగు మీద మనిషి చెయ్యి లేదు."

"అది ఎలా తెలుసు?"

"పాదంకి తెలుస్తాది. తిన్నగా గీత మీద పోతంది, బతికున్నోడెవుడూ అంత తిన్నగా పోడు. ఇందులో అందరూ తొంగున్నారు." ఒక్క క్షణం ఆగి అన్నాడు. "నానే తొంగోబెట్టాను."

సుగతి కారు తిన్నని రోడ్డు మీద గీతల మధ్య తనే నడుస్తుంది. మలుపు తిప్పడం దానివల్ల కాదు. త్రినాథ్ తెరమీద వేలు పెట్టి చూపించాడు. తగరపువలస వంతెన, దానిముందు వంపు. నాలుగు కిలోమీటర్లు. మెల్లగా ఆపితే నిద్రపోతున్నవాళ్ళు నిద్రలోనే నడిమి వరసలో ఉండిపోతారు, వెనక లారీలు. ఆపకపోతే వంతెన.

వకుళ ఆ కారు నంబరు పట్టుకుని యజమాని పేరు వెతికింది. రొక్కం భ్రమరాంబ, టెక్కలి. ఫోను చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ నిశ్శబ్దమైన కార్లో ఆ ఫోను మోగుతుండడం, నలుగురో ఐదుగురో తలలు వాల్చి కూచుని ఉండడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. మళ్ళీ చేసింది. మళ్ళీ.

"లెగవమ్మా," అన్నాడు పైడినాయుడు తనలో తాను. "లెగవే తల్లీ."

"రెండున్నర కిలోమీటర్లు," అన్నాడు త్రినాథ్.

"వెనక ఏటైనా ఉందేమో సూడు. అదేదో కెమేరా ఉంటాదిగా."

"ఒక లారీ. దూరం ఉంది. రెండువందల మీటర్లు."

"సాలు."

ఆయన కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాడు. పెదాలు బిగించాడు. చెయ్యకూడని పని చేయబోయే మనిషిలా ఒకసారి వకుళకేసి, ఒకసారి కొడుక్కేసి చూశాడు. తర్వాత కుడికాలు మోకాలిదాకా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి దిండు మీద గుద్దాడు.

ముప్ఫైయొక్క ఏళ్ళు వెయ్యని సడన్ బ్రేకు.

తెరమీద అరవై ఇరవై అయింది. వెంటనే ఆయన కాలు వదిలేశాడు. చుక్క తూలింది. గీత దాటి కుడికి, మళ్ళీ ఎడమకి. ఎవరో స్టీరింగు పట్టుకున్నారు. లారీ పక్కనుంచి పోయింది. చుక్క ఎడమ అంచు చేరింది. పైడినాయుడు అప్పుడు దాన్ని తన పద్ధతిలో, ఆగినట్టు తెలియకుండా ఆపాడు.

సున్న.

గోడ నిండా తెల్లచుక్కలు. పక్క గది తలుపు తెరుచుకుని ఇందుమౌళి వచ్చింది, చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. గోడను చూసి ఫోను దించేసింది. త్రినాథ్ వేలు లైను ఆపే మీట మీద ఉంది. నొక్కలేదు.

"చెప్పరా," అన్నాడు తండ్రి. "రొండేళ్ళు అట్టేపెట్టుకున్నావు. మాటే గదా."

త్రినాథ్ నోరు రెండుసార్లు తెరిచి మూశాడు. "నీ డ్యూటీ అయిపోయింది నాన్నా."

"మరింక దిగుతాను," అన్నాడాయన.

మీట పడింది. గోడ మొత్తం నల్లబడింది. దిండు మీద పాదం, చెప్పలేనంత కొద్దిగా, బయటికి వాలింది.

 ఎవరినైనా ఏమైనా అనడానికి ఇంకా చాలా రోజులుంటాయని ఇందుమౌళికి తెలుసు. డ్రాయరు తెరిచి గుండుసూది తీసి, మోకాళ్ళ మీద కూచుని, పెద్దాయన అరికాలు పట్టుకుంది.

అప్పుడు వకుళ ఫోను మోగింది. టెక్కలి నంబరు. స్పీకరులో పెట్టింది.

"సుగతీయేనాండీ?" ఆడమనిషి గొంతు, వణుకుతోంది, దానిమీద కోపం. "నేను భ్రమరాంబని. మీ కారేమిటమ్మా, అంత మొరటుగా బ్రేకేసింది! మా చిన్నాడి నుదురు బొప్పి కట్టింది. మా అమ్మ కళ్ళజోడు విరిగింది. హాయిగా పోతున్నాం, ఎవరైనా ఇలా తొక్కుతారా?"

వకుళ నోరు విప్పేలోగా పైడినాయుడు ఫోనుకోసం చెయ్యి చాపాడు. ఇచ్చింది.

"నానే తొక్కానమ్మా," అన్నాడు. "తప్పయిపోయింది. గుంటడికి గట్టిగా తగిలిందా?"

అవతల ఆవిడ తడబడింది. "గట్టిగా ఏం కాదులెండి… ఏడుపు మానేశాడు. మీరెవరండీ?"

"డ్రైవరినమ్మా. బొప్పిమీద ఎన్న రాయండి, దిగిపోద్ది."

"సరే. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి."

ఇందుమౌళి సూది బొటనవేలి కింద గుచ్చింది. అక్కడినుంచి మడమ దాకా నాలుగుచోట్ల గుచ్చింది. నెత్తురుబొట్లు నాలుగు వరసగా తేలాయి. పైడినాయుడు ఫోనుకేసే చూస్తున్నాడు.

"సెయ్యనమ్మా," అన్నాడు. "ఇంక సెయ్యలేను."